తమ్ముడు నిలబెట్టిన ఇల్లు

ఒక కోటు ఖరీదు దగ్గర మొదలైన మాట చేయి చేసుకోవడం దాకా వెళ్ళింది. 1965 నవంబరులో కాలిఫోర్నియాలోని నాపా లోయలో రాబర్ట్ మొండావి, పీటర్ మొండావి అనే అన్నదమ్ములు కొట్టుకున్నారు. ఇద్దరికీ యాభై దాటిన వయసు. శ్వేతసౌధంలో జరిగే విందుకు పిలుపు వస్తే అన్న తన భార్యకు మింక్ బొచ్చుకోటు కొన్నాడు. ఆ డబ్బు ఎక్కడిదని తమ్ముడు అడిగాడు. కుటుంబం సొమ్ము దుబారా చేస్తున్నాడన్న అనుమానం ఆ ప్రశ్నలో ఉంది. అన్న చేయి లేచింది. అమెరికాలో వైన్ గురించి రాసినవాళ్ళలో ఈ దెబ్బలాటను తలచుకోనివారు అరుదు.

వాల్ స్ట్రీట్ జర్నల్ విలేఖరిగా పనిచేసిన జూలియా ఫ్లిన్ సైలర్ 2007లో వెలువరించిన ‘ద హౌస్ ఆఫ్ మొండావి’ ఈ కుటుంబం నాలుగు తరాల కథ. ఒక అమెరికన్ వైన్ రాజవంశం ఉత్థానపతనాలు అని ఉపశీర్షిక. కోర్టు కాగితాలు, కంపెనీ పత్రాలు, విస్తృతమైన ఇంటర్వ్యూల ఆధారంగా రాసిన ఈ పుస్తకం నవలలాగా చదివిస్తుంది. చదివినవాళ్ళలో చాలామంది చెప్పే సారాంశం ఒకటే: అన్నదమ్ముల కలహం ఇంటిని కూల్చింది, తండ్రుల తగాదా కొడుకులకు సంక్రమించింది, చివరికి ఇల్లు పరుల పాలైంది. భారతం విని పెరిగిన తెలుగు పాఠకుడికి ఈ సారాంశం మరీ సులభంగా రుచిస్తుంది. దాయాదుల పోరు, పెద్దల పక్షపాతం, వంశనాశనం అనే మూడు మెట్లూ అతనికి కంఠతా వచ్చినవే.

అయితే పుస్తకంలోని సంఘటనలనే వరుసగా పేర్చి చూస్తే ఈ సారాంశం నిలవదు. కలహం జరిగిన తర్వాత మొండావి కుటుంబానికి ఒక వైనరీకి బదులు రెండు వైనరీలు మిగిలాయి. అందులో ఒకటి దాదాపు నలభై ఏళ్ళు వెలిగి, కుటుంబం చేయి జారింది. రెండోది ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. జారిపోయినదాన్ని కలహం జార్చలేదు. ఎన్నో దశాబ్దాల తర్వాత, అందరూ మెచ్చుకున్న ఒక తెలివైన ఆర్థిక నిర్ణయం దానికి దారి తీసింది. సైలర్ పుస్తకం విలువంతా ఈ తేడాను గమనించడంలో ఉంది. రచయిత్రి మాత్రం దానిమీద అవసరమైనంత వెలుగు ప్రసరింపజేయలేదు.

కథ ఇటలీలోని మార్కే ప్రాంతంలో, సస్సోఫెరాటో అనే కొండ ఊరిలో మొదలవుతుంది. అక్కడి నుంచి చేజరే మొండావి ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో అమెరికాకు వచ్చి, ఉత్తర మిన్నెసోటా ఇనుపగనుల్లో పనికి కుదిరాడు. తిరిగి వెళ్ళి రోసాను పెళ్ళిచేసుకుని తీసుకొచ్చాడు. గని కార్మికులకు గదులు అద్దెకిచ్చి, వారందరికీ ఆమె వండి పెట్టేది. వారికి మేరీ, హెలెన్ అనే ఇద్దరు ఆడపిల్లలు, 1913లో రాబర్ట్, 1914లో పీటర్ పుట్టారు.

తర్వాత మద్యనిషేధం వచ్చింది. అమెరికాలో మద్యం తయారీ, అమ్మకం 1920 నుంచి చట్టవిరుద్ధమయ్యాయి. కానీ ఆ చట్టంలోనే ఒక సందు ఉంది: గృహస్థు తన ఇంటి వాడకానికి ఏడాదికి 200 గాలన్ల దాకా పళ్ళరసం చేసుకోవచ్చు. ఆ రసం పీపాలో పులిస్తే ఏమవుతుందో ఇటలీ నుంచి వచ్చినవారికి ఒకరు చెప్పనక్కరలేదు. మిన్నెసోటాలోని ఇటాలియన్లు తమకు కావలసిన ద్రాక్ష కొనుక్కురమ్మని చేజరేను కాలిఫోర్నియాకు పంపారు. ఆ ఎండ, ఆ నేల చూసిన చేజరే కుటుంబాన్ని లోడై అనే ఊరికి తరలించి, రైళ్ళలో తూర్పు రాష్ట్రాలకు ద్రాక్ష పంపే వ్యాపారిగా స్థిరపడ్డాడు. కొడుకులు సెలవుల్లో ద్రాక్ష సర్దే పెట్టెలకు మేకులు కొట్టి డబ్బు సంపాదించుకునేవారు. నిషేధం ఎందరో మద్యం తయారీదార్లను దివాలా తీయించింది. మొండావి ఇంటికి మాత్రం పునాది వేసింది.

1933 డిసెంబరులో నిషేధం ఎత్తేశారు. కొడుకులిద్దరూ స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుని వైన్ పనిలోకి వచ్చారు. 1943లో సెయింట్ హెలీనా దగ్గరున్న చార్లెస్ క్రుగ్ వైనరీ అమ్మకానికి వచ్చింది. ప్రష్యా నుంచి వలస వచ్చిన క్రుగ్ 1861లో స్థాపించిన ఆ వైనరీ నాపా లోయలో అతి పురాతనమైన వాటిలో ఒకటి. కొందామని తండ్రిని ఒప్పించినవాడు రాబర్ట్. 75,000 డాలర్లకు అది మొండావి కుటుంబానిదైంది. అన్నదమ్ములు కలిసి పనిచేస్తేనే కొంటానన్నది తండ్రి పెట్టిన షరతు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆ మాట తండ్రి బ్రతికి ఉన్నంతకాలం నిలిచింది. రాబర్ట్ అమ్మకాలు చూసేవాడు. దేశమంతా తిరిగేవాడు, గొంతెత్తి మాట్లాడేవాడు, ప్రపంచంలోని మేటి వైన్ల పక్కన తమ సీసా నిలబడాలని కలలు కనేవాడు. పీటర్ వైన్ తయారీ చూసేవాడు. తక్కువ ఉష్ణోగ్రతలో నిదానంగా పులియబెడితే తెల్ల వైన్లలో పళ్ళ సువాసన నిలుస్తుందని గ్రహించి, ఆ పద్ధతిని కాలిఫోర్నియాలో తొలిగా అమలు చేసినవారిలో అతనొకడు. అన్న వేగం తమ్ముడికి అప్పులాగా కనిపించేది. తమ్ముడి నిదానం అన్నకు పిరికితనంలాగా తోచేది. 1959లో చేజరే పోయాడు. అధ్యక్షస్థానం తల్లి రోసాకు వచ్చింది. అధికారం ఎవరిదో, అభిప్రాయం తేడా వస్తే ఎవరి మాట చెల్లాలో తండ్రి తేల్చకుండానే వెళ్ళిపోయాడు. ఆ ఖాళీలోనే కోటు తగాదా పుట్టింది.

తల్లి చిన్నకొడుకు పక్షం నిలిచింది. రాబర్ట్‌ను పని నుంచి తప్పించారు. అతని పెద్దకొడుకు మైకేల్‌కు కుటుంబ వైనరీలో చోటు లేదన్న నిర్ణయం గాయాన్ని ఇంకా లోతు చేసింది. 1966లో రాబర్ట్ అప్పు తెచ్చి, భాగస్వాములను కూర్చుకుని ఓక్‌విల్‌లో తన పేరుతో కొత్త వైనరీ కట్టాడు. అప్పటికి అతని వయసు 53.

కలహం ఇంటిని కూల్చిందనేవారు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఓక్‌విల్ వైనరీ లేకపోతే ఇవాళ్టి నాపా లేదంటే అతిశయోక్తి కాదు. తొలి సంవత్సరాల్లో అక్కడ పనిచేసిన వారెన్ వినియార్స్కీ, మైక్ గర్గిచ్ అనే ఇద్దరు తర్వాత వేర్వేరు వైనరీలకు వెళ్ళి తయారుచేసిన వైన్లే 1976లో పారిస్‌లో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచిచూసిన పోటీలో ప్రథమస్థానాలు పొందాయి. బోర్డో ప్రాంతపు బారన్ ఫిలిప్ ద రోత్‌షీల్డ్ రాబర్ట్‌తో సమాన భాగస్వామిగా చేరి ‘ఓపస్ వన్’ మొదలుపెట్టాడు. దాని తొలి పంట 1979ది. నిమ్మళంగా, అన్నదమ్ముల ఐకమత్యంతో క్రుగ్‌లోనే అంతా సాగివుంటే ఇవన్నీ జరిగేవని చెప్పడం కష్టం. ఒక్కో ఇంట్లో వేరుపడటం పతనం కాదు, కాపు.

దానికి చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు. వ్యవహారం కోర్టుకెక్కింది. 1976లో న్యాయమూర్తి రాబర్ట్ పక్షాన తీర్పు చెప్పి, క్రుగ్ వైనరీని అమ్మేయమని ఆదేశించాడు. రోసా అదే సంవత్సరం కన్నుమూసింది. 1978లో రాజీ కుదిరింది. ఆ డబ్బుతో రాబర్ట్ తన వైనరీలో బయటివారి వాటాలు కొనేసి పూర్తి హక్కుదారు అయ్యాడు. పీటర్ క్రుగ్‌ను అమ్మకుండా నిలుపుకున్నాడు, కానీ మెడలోతు అప్పుతో. సైలర్ ఈ కోర్టు ఘట్టాన్ని రాసిన తీరు ప్రశంసనీయం. సాక్షుల బోనులో అన్నదమ్ములు ఒకరి గురించి ఒకరు చెప్పుకోవలసి వచ్చినప్పుడు లెక్కల పుస్తకాల భాషలో ఎంత బాధ దాగివుంటుందో ఆమె పట్టుకున్నారు. ఎవరినీ దుర్మార్గుడిగా చిత్రించలేదు. తల్లి మౌనానికి కూడా తగిన గౌరవం ఇచ్చారు.

లోపం ఆ తర్వాతి పుటల్లో ఉంది. 1978 తర్వాత కథ పూర్తిగా ఓక్‌విల్ వెంట సాగుతుంది. కొన్ని మైళ్ళ ఉత్తరాన పీటర్ ఏం చేస్తున్నాడో అప్పుడొకటి ఇప్పుడొకటిగా తప్ప తెలియదు. అతని కథలో నాటకీయత తక్కువన్నది నిజమే. అప్పు కొద్దికొద్దిగా తీర్చడం, తోటలు తిరిగి నాటించడం, కొడుకులు మార్క్, పీటర్ జూనియర్‌లకు పని నేర్పడం, కొంటామని వచ్చినవారికి లేదని చెప్పడం విలేఖరికి వార్తలు కావు. విందులు, విరాళాలు, ప్రపంచయాత్రలు, షేరు ధరలు వార్తలు. కాబట్టి ఇంటిని నిర్మించినవాడు నాయకుడయ్యాడు, నిలిపినవాడు పక్కపాత్ర అయ్యాడు. వంశాల కథలు చెప్పేవారందరూ చేసే పొరపాటే ఇది. తవ్వించినవాడి పేరు చెరువుకు ఉంటుంది. ఏటేటా పూడిక తీసినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు.

రాబర్ట్ ఇంట్లో రెండోతరం కథ తండ్రి కథకు అద్దం పట్టింది. మైకేల్ అమ్మకాల వైపు, తమ్ముడు టిమ్ వైన్ తయారీ వైపు వచ్చారు. తన తండ్రి అధికారం తేల్చకపోవడం వల్ల ఏం జరిగిందో స్వయంగా అనుభవించిన రాబర్ట్, 1990ల మొదట్లో కొడుకులిద్దరికీ పగ్గాలు సమానంగా అప్పగించాడు. సమానత్వం న్యాయంగా కనిపిస్తుంది. ఇద్దరి మాటా చెల్లాలంటే ఏకాభిప్రాయం కుదరనప్పుడు ఎవరి మాటా చెల్లదు.

అప్పుడే తోటలకు రోగం వచ్చింది. ఫిలాక్సెరా అనేది ద్రాక్ష వేళ్ళను తినే, కంటికి ఆననంత చిన్న పురుగు. అమెరికా నుంచి పంతొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్సుకు చేరి అక్కడి తోటలను సర్వనాశనం చేసింది. అమెరికన్ అడవి ద్రాక్ష వేళ్ళు దాన్ని తట్టుకోగలవు కాబట్టి, ఆ వేళ్ళ మీద ఐరోపా రకాలను అంటుకట్టడం విరుగుడైంది. కాలిఫోర్నియాలో విశ్వవిద్యాలయ నిపుణుల సలహాతో ఏఎక్సార్-1 అనే వేరుమూలాన్ని విస్తారంగా వాడారు. బాగా కాసేది, ఎక్కడైనా బతికేది. దాని పుట్టుకలో సగం ఐరోపా ద్రాక్షది, అంటే పురుగుకు లొంగేది. ఆ బలహీనత రెండు దశాబ్దాలకు పైగా బయటపడలేదు. 1980లలో బయటపడేసరికి నాపా తోటలు వేల ఎకరాల్లో పెరికి మళ్ళీ నాటవలసి వచ్చింది. వైద్యులకు ఈ కథ కొత్త కాదు: లక్షణాలు లేనంతమాత్రాన రోగం లేనట్టు కాదు.

మళ్ళీ నాటాలంటే డబ్బు కావాలి. కొత్త తీగ మూడు నాలుగేళ్ళకు గాని సరైన కాపుకు రాదు. అప్పటికే కంపెనీ మీద అప్పు ఉంది. దానికి తోడు రాబర్ట్ వయసు ఎనభైకి చేరింది. అతను పోతే వారసత్వపు పన్ను కట్టడానికి వారసుల చేతిలో రొక్కం ఉండాలి. ఈ చిక్కులన్నిటికీ ఒకే పరిష్కారంగా 1993లో కంపెనీ షేర్లను మార్కెట్లో అమ్మకానికి పెట్టారు. అధికారం చేజారకుండా కుటుంబం వాటాలకు ఒక్కో షేరుకు పది ఓట్లు, జనం కొన్నవాటికి ఒక్క ఓటు ఉంచుకున్నారు. న్యాయవాదులు, బ్యాంకర్లు మెచ్చుకున్న ఏర్పాటు అది. ఏఎక్సార్-1 లాగానే బాగా కాసింది కూడా.

దాని బలహీనత కాలంలో ఉంది. స్టాక్ మార్కెట్ మూడు నెలలకోసారి లెక్క అడుగుతుంది. ద్రాక్షతోట పదేళ్ళకోసారి జవాబు చెబుతుంది. ప్రతి మూడు నెలలకూ అమ్మకాలు పెరగాలంటే ఖరీదైన ఓక్‌విల్ వైన్ వల్ల కాదు. లోడై ప్రాంతంలో తయారయ్యే చవకరకం ‘వుడ్‌బ్రిడ్జ్’ సీసాలే పెరగాలి. అలాగే పెరిగాయి. కంపెనీ అమ్ముతున్న సరుకులో సింహభాగం అదే అయింది. పేరును శిఖరం మీద నిలపాలన్న టిమ్, సంఖ్యలను నిలపాలన్న మైకేల్ మధ్య దూరం పెరిగింది. ఇక్కడా అన్నదమ్ముల తగాదా ఉందిగదా అనవచ్చు. తేడా ఏమిటంటే, 1965 తగాదా ఇంట్లోవాళ్ళ ముందు జరిగింది, దాన్ని ఇంట్లోవాళ్ళే తేల్చుకున్నారు. ఈసారి తీర్పు చెప్పేవారు డైరెక్టర్ల బోర్డులోని బయటివారు. వారు ఏ తమ్ముడి పక్షమూ వహించనక్కరలేదు. వారి బాధ్యత షేరు ధర.

ఆపై రాబర్ట్ ఔదార్యం తోడైంది. 2001లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖకు 35 మిలియన్ డాలర్ల విరాళం ప్రకటించాడు. నాపాలో వైన్, ఆహారం, కళల కోసం ‘కోపియా’ అనే కేంద్రాన్ని తన సొమ్ముతో నిలబెట్టాడు. ఈ వాగ్దానాలకు ఆధారం అతని షేర్లే. షేరు ధర పడిపోయేసరికి దానం చేసినవాడే చిక్కులో పడ్డాడు. 2004లో పరిణామాలు వరసగా వచ్చాయి. బయటి వ్యక్తి బోర్డు అధ్యక్షుడయ్యాడు. కుటుంబం తన పది ఓట్ల హక్కును వదులుకోవడానికి అంగీకరించింది. ఓక్‌విల్‌తో సహా ఖరీదైన వైనరీలను అమ్మేసి చవకరకం వైన్ల మీదనే కంపెనీ నడపాలని బోర్డు ప్రతిపాదించింది. అంతలో కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అనే పెద్ద కంపెనీ మొత్తాన్నీ కొంటానంది. అప్పులతో కలిపి సుమారు 1.36 బిలియన్ డాలర్లకు బేరం ముగిసింది.

ఇది పతనమా అని అడిగేవారి మాటలో బలం ఉంది. ఇంత డబ్బు వచ్చిన అమ్మకాన్ని విషాదంగా చెప్పడం వింతే. కుటుంబ వ్యాపారం తరతరాలకూ కుటుంబం చేతిలోనే ఉండాలన్న నియమం ఎవరూ రాయలేదు. పుట్టుకవల్ల మాత్రమే వచ్చిన అధికారం కంటే బోర్డు నియమించిన నిపుణుడి అధికారం మెరుగు కావచ్చు. తాత ఇష్టపడిన పనిని మనుమడు ఇష్టపడి తీరాలనడం మనుమడికి అన్యాయం. ఇంకొక ఆక్షేపణ: పీటర్ నిలిచాడంటే పెద్ద సాహసాలు చేయలేదు కాబట్టి. నాపాకు ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు అన్న. ఆ ఖ్యాతి వల్ల పెరిగిన భూమి విలువ తమ్ముడికీ దక్కింది.

ఈ ఆక్షేపణలన్నీ సరైనవే. అయినా అవి అసలు ప్రశ్నను తాకవు. అమ్మాలనుకుని అమ్మడం వేరు, అమ్మక తప్పని స్థితిలో పడటం వేరు. రాబర్ట్ జీవితమంతా కోరింది తన పేరుతో ఉన్న ఇల్లు పిల్లల చేతిలో, మనుమల చేతిలో నిలవాలని. కోరికకు, దాన్ని సాధించడానికి ఎంచుకున్న సాధనానికి పొత్తు కుదరలేదు. వంద సంవత్సరాల కోరికను మూడు నెలల సాధనంతో కట్టాడు. పీటర్ కోరిక చిన్నది, సాధనం దానికి తగినది. బయటివారి డబ్బు తీసుకోకపోవడం వల్ల అతను నెమ్మదిగా ఎదిగాడు. నెమ్మదిగా ఎదగడానికి తనకెవరి అనుమతీ అవసరం లేకుండా చూసుకున్నాడు.

కలహం లేని ఇల్లే నిలుస్తుందనుకోవడం ఎంత పొరపాటో ఇటలీలోని మరొక కుటుంబం చూపిస్తుంది. ఫ్లోరెన్సుకు చెందిన ఆంటినోరి వంశం 1385 నుంచి వైన్ వ్యాపారంలో ఉంది. ఇప్పుడు నడుపుతున్నది 26వ తరం. ఇన్ని శతాబ్దాలు వారు సుఖంగా కలిసి ఉన్నారనుకుంటే తప్పు. గత శతాబ్దం చివరి భాగంలోనే తోబుట్టువులు వేరుపడి, వారి వాటా ఒక బ్రిటిష్ మద్యం కంపెనీకి వెళ్ళింది. పియెరో ఆంటినోరి అప్పు చేసి ఆ వాటాను తిరిగి కొన్నాడు. బయటివారి లెక్కల కాలం తమ తోట కాలానికి సరిపోదని కొద్దికాలంలోనే గ్రహించడం అతని వివేకం. తర్వాత ఆస్తిని ముక్కలు కాకుండా తొంభై ఏళ్ళపాటు ఉండే ట్రస్టులో పెట్టాడు. అతనికి కొడుకులు లేరు. ఆల్బియెరా, అల్లెగ్రా, అలెస్సియా అనే ముగ్గురు కూతుళ్ళకు పని నేర్పి, తాను ఉండగానే పెద్దకూతురికి అధ్యక్షస్థానం అప్పగించాడు. ఆరువందల ఏళ్ళలో ఆ కుర్చీలో స్త్రీ కూర్చోవడం అదే మొదలు. పారిస్ పోటీలో నెగ్గిన వినియార్స్కీ వైనరీని అతను అమ్మినప్పుడు, 2007లో కొన్నవారిలో ఈ ఆంటినోరి కుటుంబం కూడా ఉంది.

తెలుగు పాఠకుడికి వైన్ రుచి తెలియకపోయినా ఈ కథలోని చిక్కు తెలుసు. మన సాహిత్యంలో ద్రాక్ష ఒక పాకం పేరు. నోట వేసుకోగానే కరిగే కవిత్వాన్ని ద్రాక్షాపాకమంటాం. కానీ ఆస్తి పంపకాల కథ ఎప్పుడూ నారికేళపాకమే. పీచు తీయాలి, టెంక పగలాలి. కొడుకులిద్దరికీ చెరిసగం రాసి నిద్రపోయిన తండ్రులు, ఎవరికేమిటో చెప్పకుండా కన్నుమూసినవారు, కూతురి వాటా గురించి ఇంట్లో మాటే రానివ్వనివారు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు చట్టరీత్యా వచ్చింది. దేశమంతటికీ 2005లో వచ్చింది. చట్టం వాటా ఇవ్వగలదు. పని నేర్పలేదు, కుర్చీ ఇవ్వలేదు.

విదేశాల్లో స్థిరపడిన తొలితరం తెలుగువారికి ఇప్పుడు డెబ్భై దాటింది. కష్టపడి కట్టిన క్లినిక్కులు, హోటళ్ళు, కంపెనీలు ఒకవైపు, ఊళ్ళో పెద్దలు వదిలిన పొలాలు ఇంకొకవైపు ఉన్నాయి. పిల్లలు వేరే రాష్ట్రాల్లో, వేరే వృత్తుల్లో ఉన్నారు. ఈ ఇళ్ళలో వీలునామాల గురించి మాట్లాడినంతగా పని గురించి మాట్లాడరు. ఎవరికెంత అన్నది తేల్చడానికి న్యాయవాది ఉన్నాడు. ఎవరు నడుపుతారు, నడపడం ఇష్టమా, అమ్మాలంటే ఎవరు నిర్ణయిస్తారు, దానధర్మాలకు ఏ డబ్బు వాడాలి అన్న ప్రశ్నలు పెద్దలు బ్రతికుండగానే నోరు తెరిచి అడగవలసినవి. అడిగితే తగాదా వస్తుందని భయం. మొండావి కథ చెప్పేది తగాదాను ఇల్లు తట్టుకోగలదని. తేల్చకుండా వదిలేసిన అధికారాన్ని, ఇంటి స్వభావానికి సరిపడని డబ్బును తట్టుకోవడమే కష్టం.

ఇంటిని అమ్మిన మరుసటి సంవత్సరం, 2005లో, తొంభై దాటిన ఆ అన్నదమ్ములిద్దరూ నాపా దాతృత్వ వేలం కోసం కలిసి ఒక్క పీపా వైన్ చేశారు. ఇటాలియన్‌లో ‘మరొక్కసారి’ అనే అర్థం వచ్చే పేరు దానికి పెట్టారు. అప్పటికి నలభై ఏళ్ళు గడిచాయి. 2008లో రాబర్ట్ 94 ఏళ్ళ వయసులో పోయాడు. అతను ప్రాణంగా చూసుకున్న కోపియా అదే ఏడాది మూతపడింది. పీటర్ నూరేళ్ళు దాటి బ్రతికి, 2016లో కన్నుమూశాడు. క్రుగ్ వైనరీని కొడుకుల చేతికి అప్పగించే వెళ్ళాడు.

సైలర్ పుస్తకం చదవదగినది, దాచుకోదగినది. అయితే దాని ఉపశీర్షికను కాస్త అనుమానంతో చదవాలి. పతనమైంది ఒక శాఖ. రెండో శాఖ గురించి ఒక చిన్న సంగతి చాలు. అన్న తన వైనరీకి తన పేరే పెట్టుకున్నాడు. అమ్మకంతో ఆ పేరు కూడా సరుకుల జాబితాలో చేరి పరాయిదైంది. మైకేల్, టిమ్ తర్వాత పెట్టిన సంస్థలకు వేరే పేర్లు వెతుక్కోవలసి వచ్చింది. తమ్ముడు చవకరకం సీసాలమీద ‘సీకే మొండావి’ అని వేసుకున్నాడు గాని, ఇంటి ముఖద్వారం మీద 1861 నాటి ప్రష్యన్ వలసదారు పేరును అలాగే ఉంచాడు. ఇవాళ మొండావి అన్న పేరున్న వైనరీలో మొండావిలు లేరు. మొండావిలు ఉన్న వైనరీ పేరు చార్లెస్ క్రుగ్.